అక్టోబర్‌ఫెస్ట్‌కి ఒక పూట చాలు, రాత్రి బస కొండ ఊళ్లో పెట్టుకోండి | జర్మనీ శరదృతువు పండుగల రివ్యూ

నమస్తే అండీ. ముందు ఒక్క ఐదు సెకన్లు ఈ శబ్దం వినండి.

విన్నారా? గుడి గంటా కాదు, చర్చి గంటా కాదు. పశువు మెడలో గంట. సైజు చూస్తే పది మందికి అన్నం వండే గిన్నెంత ఉంటుంది. ఇలాంటి గంటలు కట్టుకుని మంద మొత్తం కొండ దిగి వస్తుంటే ఎలా ఉంటుందో కాసేపాగి చూపిస్తాను. ఎందుకంటే మీరు ఈ వీడియో నొక్కింది పశువుల కోసం కాదు, మ్యూనిక్ నగరంలో జరిగే బీరు పండుగ అక్టోబర్‌ఫెస్ట్ కోసం. ఆ లెక్క ముందు తేల్చేద్దాం.

నేను ఉండేది దక్షిణ జర్మనీలో. ఏటా వేసవి చివర్లో మనవాళ్ల దగ్గర్నుంచి ఒక ఫోన్ రావడం ఖాయం. "బావా, దసరా సెలవులకి వస్తున్నాం, అక్టోబర్‌ఫెస్ట్ చూపించు." పొరపాటు అక్కడే మొదలవుతుంది. పేరులో అక్టోబర్ ఉన్నా, పండుగ ముప్పావు వంతు సెప్టెంబర్‌లోనే అయిపోతుంది. 2026లో అయితే సెప్టెంబర్ 19 నుంచి అక్టోబర్ 4 వరకు. ఆ ఏడాది దసరా అక్టోబర్ మూడో వారంలో. దసరా చూసుకుని టికెట్లు కొంటే మీకు కనిపించేది టెంట్లు విప్పుతున్న మైదానం.

మరి ఆ పేరెందుకు? 1810 అక్టోబర్ 12న బవేరియా యువరాజు లూడ్విగ్‌కి, థెరేసాకి మ్యూనిక్‌లో పెళ్లయింది. ఆ సందడిలో ఊరి బయట గుర్రప్పందాలు పెట్టారు. పెళ్లికూతురి పేరే మైదానానికి మిగిలింది, థెరేసియెన్‌వీజ. వీజ అంటే పచ్చిక మైదానం. ఊరివాళ్లెవరూ అక్టోబర్‌ఫెస్ట్ అనరు, "వీజ్న్‌కి వెళ్తున్నాం" అంటారు. తర్వాత్తర్వాత చలి ముదరకముందే జరుపుకోవచ్చని పండుగని సెప్టెంబర్‌లోకి జరిపారు. పేరు మాత్రం ఉన్నచోటే ఉంది.

ఇక ఖర్చు. లోపలికి వెళ్లడానికి టికెట్ లేదు, పూర్తిగా ఉచితం. డబ్బు తీసేది టెంట్‌లో కూర్చున్నాక. బీరు లీటరు మగ్గులోనే పోస్తారు, దాన్ని "మాస్" అంటారు. 2025లో ఒక మాస్ 14.50 నుంచి 15.80 యూరోలు, అంటే మన లెక్కలో దాదాపు పదిహేను వందలు. "నేను తాగను, నీళ్లు చాలు" అంటారా? లీటరు నీళ్లు కూడా పది యూరోలకి అటూఇటూగా ఉంటాయి. ఇద్దరు తిని, తాగి, పిల్లాణ్ని రెండు రైడ్లు ఎక్కించేసరికి బిల్లు తడిసి మోపెడవుతుంది.

ఒక్కటి మాత్రం ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. ఈ క్లిప్‌లో బీరు అందించే ఆవిడని చూడండి. రెండు చేతుల్లో పది మగ్గులు. నిండు మగ్గు ఒక్కోటి రెండు కిలోల పైనే. పిడులన్నీ ఒకచోటికి చేర్చి, గుండెకి అదుముకుని, ఇసుక వేస్తే రాలని ఆ జనంలో ఈల వేసుకుంటూ దూసుకెళ్తుంది. దారివ్వకపోతే తప్పు మనదే. నాకు మాత్రం ఆ బీరు కంటే ఆ నడకే ఎక్కువ కిక్కిచ్చింది.

టెంట్ అంటే మన పెళ్లి షామియానా అనుకోకండి. పెద్దవాటిలో వేల మంది పడతారు. బీరు మాత్రం మ్యూనిక్‌లోని ఆరు బ్రూవరీలదే ఉండాలి, బయటివాళ్లకి చోటు లేదు. మొదటి శనివారం మధ్యాహ్నం సరిగ్గా పన్నెండుకి నగర మేయర్ షాటెన్‌హామెల్ టెంట్‌లో పీపాకి సుత్తితో కుళాయి దిగ్గొట్టి "ఓత్సాప్ఫ్ట్ ఇస్!" అని అరుస్తాడు. పీపా తెరుచుకుంది అని అర్థం. అప్పటిదాకా ఏ టెంట్‌లోనూ చుక్క బీరు పోయరు.

లోపల సీటు దొరకాలి, అది ముఖ్యం. సీటు లేనివాళ్లకి బీరు ఇవ్వరు. రిజర్వేషన్ మామూలుగా ఎనిమిది, పది మందికి టేబుల్ మొత్తం ఇస్తారు. ఇద్దరో ముగ్గురో వెళ్తే ఆ గొడవే వద్దు, మామూలు వారపు రోజున పొద్దున పదకొండులోపు వెళ్లిపోండి, హాయిగా కూర్చోవచ్చు. నేను మొదటి ఏడాది టెన్షన్ పడిపోయి ఒక రీసేల్ వెబ్‌సైట్‌లో టేబుల్ కొన్నాను. తీరా వెళ్తే టెంట్ దగ్గర అది చెల్లదన్నారు. డబ్బు తిరిగి రాలేదు. పక్క టెంట్‌లో మాత్రం ఖాళీ బెంచీలు కనిపిస్తున్నాయి!

బ్యాగ్ సంగతి కూడా వినండి. 20 సెంటీమీటర్లు, 15, 10. అంతకంటే పెద్ద బ్యాగ్‌ని గేటు దాటనివ్వరు. తనిఖీ గట్టిగా ఉండటానికి కారణం ఉంది. 1980 సెప్టెంబర్ 26 రాత్రి మెయిన్ గేటు దగ్గర బాంబు పేలి పదమూడు మంది పోయారు. ఆ గేటు దగ్గరే స్మారకం ఉంది. చాలామంది దాని పక్కనే సెల్ఫీలు దిగుతూ దాటిపోతారు, కాసేపు ఆగండి.

పిల్లలతో వెళ్తే మంగళవారం చూసుకోండి. అది ఫ్యామిలీ డే, రైడ్లకి తగ్గింపు ఉంటుంది. ఆరేళ్లలోపు పిల్లలని రాత్రి ఎనిమిది తర్వాత టెంట్లలో ఉంచరు. నిజానికి ఆ టైముకి ఉంచాలని మీకూ అనిపించదు. సాయంత్రం ఆరు దాటితే అందరూ బెంచీలెక్కి పాడుతుంటారు, బయట గడ్డి మీద పడిపోయినవాళ్లు కనిపిస్తుంటారు.

తిండి. కాల్చిన కోడి సగం ముక్క, పేరు "హెండ్ల్". పైన తోలు కరకరలాడుతుంది. కారం కోసం వెతక్కండి, ఉప్పే ఉప్పు. శాకాహారులు "కేజ్‌ష్పెట్స్‌ల" అడగండి, చీజ్ పట్టించిన మెత్తటి పిండి ముక్కలు, పైన వేయించిన ఉల్లిపాయ. బంగాళాదుంప తురుముతో వేసే అట్టు కూడా ఉంటుంది, "రైబర్‌డాట్షి". దాన్ని ఆపిల్ గుజ్జుతో ఇస్తారు. నేను బ్యాగ్‌లో పచ్చిమిరపకాయ పెట్టుకెళ్తాను, నవ్వుకోండి.

నన్నడిగితే అసలు వీజ్న్ "ఓయిడ వీజ్న్" అనే మూలలో ఉంది. పాత వీజ్న్ అని అర్థం. 2010లో రెండు వందల ఏళ్ల వేడుకకి మొదలుపెట్టారు. చిన్న టికెట్ ఉంటుంది. పాత రంగులరాట్నాలు, జానపద నాట్యం, మనిషి మాట మనిషికి వినపడేంత సంగీతం. వ్యవసాయ ప్రదర్శన అదే మైదానంలో పెట్టే ఏడాది మాత్రం ఇది ఉండదు, బుక్ చేసే ముందు చూసుకోండి. అలాగే మొదటి ఆదివారం పొద్దున సంప్రదాయ దుస్తుల ఊరేగింపు. ఊరి వీధుల్లోనే సాగుతుంది, వేల మంది నడుస్తారు, రోడ్డు పక్కన నిలబడి చూడటానికి పైసా ఖర్చు లేదు.

నా మార్కులు: పొద్దున వెళ్తే పదికి ఎనిమిది. రాత్రి వెళ్తే నాలుగు. అందులోనూ రెండు ఆ మగ్గులు మోసే ఆవిడకి.

ఇప్పుడు గంటల దగ్గరికొద్దాం.

మ్యూనిక్‌కి నైరుతిగా ఆల్గాయ్ అనే కొండ ప్రాంతం ఉంది. వేసవి మొదట్లో రైతులు పశువులని పైన కొండ పచ్చికల్లోకి తోలతారు. దాదాపు వంద రోజులు కాపరులు అక్కడే ఉండి చూసుకుంటారు. సెప్టెంబర్‌లో చలి మొదలవగానే కిందికి దింపుతారు. దింపి, ఎవరి పశువు వాళ్లకి వేరు చేసి అప్పగిస్తారు. ఆ పండుగ పేరు "ఫీషైడ్", పశువులని విడదీయడం. బాడ్ హిండెలాంగ్ అనే ఊళ్లో సాధారణంగా సెప్టెంబర్ 11న జరుగుతుంది. చుట్టుపక్కల ఊళ్లవి ఆ నెలలోనే వేర్వేరు రోజుల్లో.

ముందు వచ్చే పశువు తల మీద చూడండి. కొండ పూలు, ఆకులు, రంగు రిబ్బన్లు కలిపి కట్టిన కిరీటం. మధ్యలో ఒక శిలువ, ఒక అద్దం. అద్దం ఎందుకని పక్కనున్న పెద్దాయన్ని అడిగాను. దుష్టశక్తి వస్తే తన మొహం తానే చూసుకుని పారిపోవడానికట. మన గుమ్మడికాయ పనే ఆ అద్దం చేస్తోంది, దిష్టి! కనుమ నాడు మా తాతగారి ఊళ్లో ఎడ్ల కొమ్ములకి రంగులేసి, మెడకి గంటల పట్టెడ కట్టేవాళ్లు. అంత దూరంలో, ఆ చలిలో, నాకు అదే గుర్తొచ్చింది.

ఒక తేడా ఉంది. ఈ కిరీటం అన్ని మందలకీ పెట్టరు. ఆ వేసవిలో ఏ పశువూ ప్రమాదంలో పోకుండా ఉంటేనే పెడతారు. మేం చూస్తుండగా ఒక మంద ఉత్త తలలతో వచ్చింది. ఒక్క కిరీటం లేదు. పెద్దాయన చెయ్యి పైకెత్తి ఒకసారి కొండ వైపు, ఒకసారి లోయ వైపు చూపించాడు, అంతే. ఎవరూ అతన్ని ఇంకేమీ అడగలేదు.

అన్నట్టు, నేను "పశువులు" అంటున్నాను గానీ, చాలావరకు ఇంకా ఈనని పెయ్యలు. వేసవంతా వాటి మెడలో చిన్న గంటలే. ఆ పెద్ద గంటలు, కుట్టుపని చేసిన తోలు పట్టెడలు ఈ ఒక్కరోజుకే బయటికి తీస్తారు. చెవులు గుయ్‌మంటాయి, చంటిపిల్లలుంటే దూది పెట్టండి.

రవాణా దగ్గర ఒక మెలిక ఉంది. మందలు పొద్దున ఎనిమిదిన్నర, తొమ్మిది నుంచే రావడం మొదలు. చవగ్గా వస్తుందని అందరూ కొనే బయర్న్ టికెట్ (మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రమంతా ఒక రోజు తిరిగే రైలు టికెట్) మామూలు వారపు రోజుల్లో పొద్దున తొమ్మిది తర్వాతే చెల్లుతుంది. మ్యూనిక్ నుంచి దగ్గర్లోని జోంట్‌హోఫెన్‌ పట్టణానికి రైలు రెండు గంటల పైన, అక్కడి నుంచి బాడ్ హిండెలాంగ్‌కి బస్సు. ఆ టికెట్‌తో బయల్దేరితే మీరు చేరేసరికి వీధులు కడుగుతుంటారు. అందుకే ముందు రాత్రి జోంట్‌హోఫెన్‌లో పడుకోండి. వీజ్న్ రోజుల్లో మ్యూనిక్ హోటల్ రేట్లు చూశాక ఇది ఖర్చులా కూడా అనిపించదు.

మార్కులు తొమ్మిదిన్నర. అర ఎందుకు తగ్గించానో చివర్లో చెబుతాను.

టైముంటే ఇంకొకటి. ఈ నెలల్లో ద్రాక్ష తోటల ఊళ్లలో "ఫేడర్‌వైసర్" అని సగం పులిసిన ద్రాక్షరసం అమ్ముతారు. అచ్చం మన కల్లు తంతే, సీసాలోనూ పులుస్తూనే ఉంటుంది. అందుకే మూత బిగించరు. తెలియక నేను సీసాని బ్యాక్‌ప్యాక్‌లో పడుకోబెట్టాను, పాస్‌పోర్ట్ ఇప్పటికీ పుల్లగా వాసనొస్తుంది. పక్కన ఉల్లిపాయ కేకు ఇస్తారు, అందులో పంది మాంసం ముక్కలు ఉంటాయి, తినని వాళ్లు అడిగి తీసుకోండి.

జర్మనీకి రావడానికి కావలసిన షెంగెన్ వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయొచ్చు. సెప్టెంబర్‌కి రావాలంటే ఏప్రిల్‌లోనే స్లాట్లు చూడటం మొదలుపెట్టండి.

ఆ అర మార్కు సంగతా? వందల పశువులు నడిచిన దారి అది. తెల్ల బూట్లు వేసుకు రాకండి. నావి ఇంకా బాల్కనీలోనే ఉన్నాయి, మా ఆవిడ లోపలికి రానివ్వట్లేదు.