పాత అచ్చుయంత్రాన్ని కదిలించే ముందు

శ్రోతలకు నమస్కారం.

విజయవాడ, రాజమహేంద్రవరం, తెనాలి వంటి ఊళ్ళలో ఒకప్పుడు పొద్దస్తమానం వినిపించిన ట్రెడిల్ మిషన్ల (కాలితో తొక్కి నడిపే అచ్చుయంత్రాల) చప్పుడు, ఆఫ్‌సెట్ ముద్రణ, కంప్యూటర్ అక్షరాలు వచ్చిన తరువాత క్రమంగా ఆగిపోయింది. చాలా యంత్రాలు పాత ఇనుము కింద తూకానికి వెళ్ళిపోయాయి. మిగిలిన కొద్దింటిని ముద్రణ మీద మమకారం ఉన్నవారు వెతికి తెచ్చుకుంటున్నారు. ఇది సంతోషించవలసిన విషయం. అయితే దశాబ్దాల తరబడి పనిచేసిన యంత్రం గడప దాటే అరగంటలోనే విరిగిపోవచ్చు, పక్కన ఉన్నవారి కాళ్ళూ చేతులూ నలిగిపోవచ్చు. అలా జరగకుండా దానిని ఎలా తరలించాలో ఈ ప్రసంగంలో చెబుతాను.

పందొమ్మిదో శతాబ్దం మధ్యలో న్యూయార్క్‌లో జార్జి ఫినియాస్ గోర్డన్ రూపొందించిన అచ్చుయంత్రపు నమూనానే తరువాత క్లీవ్‌లాండ్‌లోని చాండ్లర్ అండ్ ప్రైస్ వంటి సంస్థలు పెద్ద ఎత్తున తయారు చేశాయి. మన ట్రెడిల్ మిషన్లు కూడా ఆ కోవకు చెందినవే. పదంగుళాల వెడల్పు, పదిహేనంగుళాల పొడవు గల ఫర్మా (చట్రంలో బిగించిన అక్షరాల పేజీ) పట్టే చాండ్లర్ యంత్రం సుమారు 700 కిలోలు తూగుతుంది. అదే కొలతలో జర్మనీవారి హైడెల్‌బర్గ్ ప్లాటెన్ యంత్రమైతే టన్ను దాటుతుంది. నన్నడిగితే ఈ బరువుకన్నా, అది నేలకు ఎంత ఎత్తున ఉందన్న సంగతే మనల్ని ఎక్కువగా భయపెట్టాలి. పాదాలు ఇరుకుగా ఉండి, అచ్చుబల్ల, కాగితాన్ని అక్షరాల మీదికి నొక్కే పలక అయిన ప్లాటెన్, సిరా పళ్ళెం, ఫ్లైవీలు అనే బరువైన చక్రం అన్నీ నడుము ఎత్తున చేరడం వల్ల గరిమనాభి, అంటే బరువు కేంద్రం, పైకి పోతుంది. ఒక పక్కకు కొద్దిగా ఒరిగినా, అక్కడి నుంచి దానిని నిలబెట్టడం పదిమంది వల్ల కూడా కాదు. పడిపోతున్న యంత్రాన్ని ఎవరూ పట్టుకోబోకూడదనీ, వెంటనే దూరంగా తప్పుకోవాలనీ పనిలోకి దిగకముందే అందరికీ గట్టిగా చెప్పి ఉంచాలి.

రెండో సంగతి, ఇది పోత ఇనుము. ఎంత నొక్కుడునైనా భరిస్తుంది గానీ, దెబ్బ తగిలితే వంగదు, పగులుతుంది. పగిలిన పోత ఇనుమును మళ్ళీ నమ్మకంగా అతికించడం సామాన్యమైన వెల్డింగ్ పని కాదు. అందువల్ల గొలుసుగానీ తాడుగానీ ప్రధానమైన చట్రానికే కట్టాలి తప్ప ఇరుసులకో, మీటలకో, కాగితాలు పెట్టే బల్లకో కట్టి లాగరాదు.

కదిలించడానికి ముందే యంత్రాన్ని వీలైనంత తేలిక చేసుకోవాలి. రోలర్లు, సిరా పళ్ళెం, కాగితపు బల్లలు, మోటారు విప్పేయాలి. కాలితో తొక్కే మీటను, దాని కొక్కేన్ని తప్పకుండా ముందే తీయాలి, ఎందుకంటే నేలకు దగ్గరగా వేలాడే ఆ భాగం యంత్రాన్ని దించేటప్పుడు మొదట తగిలి వంగిపోతుంది. విప్పేముందు ప్రతి భాగాన్నీ ఫోటో తీసి, మరలను విడివిడి సంచుల్లో వేసి పేర్లు రాసుకోవాలి. పాత బ్రిటిష్ యంత్రాల మరల చుట్లు నేటి మిల్లీమీటరు కొలతలకు సరిపోవు కనుక, ఒక్క మర పోయినా బజారులో దొరకదు.

ఆ తరువాత పాదాల కింద నాలుగంగుళాల మందమున్న రెండు గట్టి కర్ర దూలాలను, యంత్రం పాదాలకన్నా బాగా బయటికి వచ్చేటట్లు అమర్చి, పాదాల్లో ఉన్న రంధ్రాల గుండా బోల్టులు బిగించాలి. ఇక్కడ తొందర పనికిరాదు. గడ్డపారతో ఒక పక్కను అంగుళం ఎత్తగానే అంగుళం చెక్క దూర్చాలి, తరువాత రెండో పక్కకు వెళ్ళాలి. ఎత్తిన యంత్రం కింద చెక్క లేకుండా ఒక్క క్షణం కూడా చేయి పెట్టకూడదు. దూలాల కింద ఇనుప పైపులు వేసి నెట్టేటప్పుడు, ఎప్పుడూ మూడు పైపుల మీదైనా బరువు నిలిచి ఉండాలి. వెనకనుంచి బయటపడ్డ పైపును తెచ్చి ముందు పెట్టేవారు దాని కొసలను మాత్రమే పట్టుకోవాలి. యంత్రం దారి తప్పుతుంటే పైపు కొసను సుత్తితో నెమ్మదిగా తట్టి దారికి తేవాలి. వాలు మీద దించేటప్పుడు పైనుంచి తాడుతోనో, చైన్ పుల్లీతోనో పట్టి వదలాలి. వాలుకు దిగువన మనిషన్నవాడు ఉండకూడదు. ఓడరేవుల్లో, కర్మాగారాల్లో పనిచేసిన కళాసీలు దొరికితే, వారికిచ్చే కూలికి వెనకాడవద్దు.

కిరాయి తక్కువని మూడు చక్రాల ట్రాలీ ఆటో మాట్లాడుకోవడం చాలా ప్రమాదం. మలుపులో అలాంటి బండి యంత్రంతో సహా బోర్లాపడగలదు. అడుగుభాగం వెడల్పుగా ఉన్న డీసీఎం లారీ మాట్లాడుకొని, క్రేన్‌తో ఎక్కించి, నాలుగు వైపులా బెల్టులతో బిగించాలి.

యంత్రం వెంట వచ్చే అక్షరాల కేసులను, అంటే అచ్చు అక్షరాలుంచే గళ్ళ అరలను, తక్కువగా అంచనా వేయకండి. సీసం, ఆంటిమొనీ, తగరం కలిపి పోసిన టైపుతో నిండిన ఒక్క కేసు 10 నుంచి 15 కిలోలు సులభంగా తూగుతుంది. గుణింతాలకు, ఒత్తులకు వేరువేరు అచ్చులు కావలసి రావడం వల్ల తెలుగు టైపుకు ఇంగ్లీషుకన్నా ఎన్నో ఎక్కువ గళ్ళుంటాయి. కేసు ఒక్కసారి తలకిందులైతే వాటిని మళ్ళీ ఏరి పేర్చడానికి నెలలు పడుతుంది. బీరువాతో పాటు ఎత్తకుండా, కేసులను ఒక్కొక్కటిగా తీసి, పైన అట్ట పరిచి గట్టిగా చుట్టి, ఎటూ ఒరగకుండా మట్టంగానే మోయించాలి. పాత టైపు మీద తెల్లటి పొడి కనిపిస్తే అది సీసపు విషమని గుర్తించి, గుడ్డతో దులపకుండా, చేతులకు తొడుగులు వేసుకొని ముట్టుకోవాలి. పని ముగిసి చేతులు కడుక్కునేదాకా ఏమీ తినకూడదు, పిల్లలను దగ్గరకు రానివ్వకూడదు.

కొత్తచోట యంత్రాన్ని నిలిపిన తరువాత, మట్టం కట్టతో నాలుగు మూలలూ సరిచూసి, నూనె గుంటలన్నిటిలో నూనె పోసి, మోటారు తగిలించక ముందు ఫ్లైవీలును చేతితో నిదానంగా ఒక పూర్తి చుట్టు తిప్పి చూడండి. ఎక్కడైనా బిగుసుకున్నట్టు తోస్తే బలం ఉపయోగించకండి. దారిలో ఏ భాగం కదిలిందో కనుక్కొని సరిచేసిన తరువాతే రెండో చుట్టు తిప్పండి.