మంద మేస్తేనే మైదానం: హంగరీ నేషనల్ పార్కుల్లో పల్లె సరుకు

అందరికీ నమస్కారం.

నేషనల్ పార్కు అనగానే మనకు ముందు గుర్తొచ్చేది గేటు. ఫారెస్టు చెక్‌పోస్టు, అడ్డకర్ర, "అనుమతి లేనిదే ప్రవేశించరాదు" అన్న బోర్డు. హంగరీలో హోర్తోబాజ్ పార్కుకు మొదటిసారి వెళ్లినప్పుడు నేనూ గేటు కోసమే చూశాను. అదెక్కడా కనబడలేదు. మామూలు రోడ్డు, దానిమీద లారీలు, పక్కన ఒక ఊరు. ఏటి మీద తొమ్మిది కమానుల రాతి వంతెన, దాని దగ్గర పాతకాలపు పూటకూళ్లిల్లు. "పార్కెక్కడ?" అని అడిగితే, "నువ్వు నిలబడ్డదే" అన్నారు.

నేను చెప్పబోయే విషయమంతా ఆ మాటలోనే ఉంది. కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

హంగరీలో పది నేషనల్ పార్కులున్నాయి. హోర్తోబాజ్ అన్నిటికన్నా పాతది, 1973లో ఏర్పడింది. అన్నిటికన్నా చిన్నది వయసులో ఓర్షేగ్, 2002 నాటిది. హోర్తోబాజ్‌లో మనం అనుకునే అడవి ఉండదు. కనుచూపు మేర గడ్డి. వాళ్లు దాన్ని పుస్తా అంటారు. చాలావరకు చౌడు నేల, నాగలికి లొంగదు. వందల ఏళ్లుగా అక్కడ జరిగిన పని ఒక్కటే: పశువులను మేపడం. 1999లో యునెస్కో ఈ మైదానాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది కూడా, పశువుల కాపరులూ ఆ నేలా కలిసి బతికిన తీరు చూసే. మనుషుల్ని బయటికి పంపి కంచె వేస్తే అక్కడ కాపాడటానికి పెద్దగా ఏమీ మిగలదు. మేత ఆగితే గడ్డి ముదిరిపోతుంది, ముళ్లపొదలు లేస్తాయి. పొట్టి గడ్డిని నమ్ముకున్న పిట్టలు వేరే చోటు వెతుక్కుంటాయి.

అంటే మైదానం ఉండాలంటే మంద ఉండాలి. మంద ఉండాలంటే దాన్ని పెంచేవాడికి నాలుగు డబ్బులు రావాలి. అవి ఎక్కడినుంచి వస్తాయి?

ఇక్కడ హంగరీ బూడిదరంగు పశువుల కథ చెప్పాలి. తెల్లటి బూడిద వన్నె, బారెడు కొమ్ములు, గట్టి కాళ్లు. పదిహేనో శతాబ్దం నుంచి పదిహేడో శతాబ్దం దాకా ఈ పశువుల్ని వేల సంఖ్యలో వియన్నా, న్యూరెంబర్గ్, వెనిస్ సంతలకు నడిపించుకుంటూ తోలుకెళ్లేవారు. లారీ లేదు, రైలు లేదు, వందల మైళ్లు నడకే. తర్వాత ఎద్దులుగా బండి లాగాయి, దుక్కి దున్నాయి. ట్రాక్టరు వచ్చాక వాటితో పని లేకుండా పోయింది. పాలు తక్కువ, ఎదుగుదల నిదానం. 1960లు వచ్చేసరికి దేశం మొత్తం మీద రెండు వందలకు అటూ ఇటుగా ఆవులు, అరడజను ఆబోతులు మిగిలాయి. ఇంకో పదేళ్లు ఎవరూ పట్టించుకోకపోతే బొమ్మల్లో చూసుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు వేలల్లో ఉన్నాయి. జాతిని నిలబెట్టింది ముందు ప్రభుత్వ మందలు, తర్వాత పార్కుల మందలు. అయితే మందను అంతగా పెంచగలిగింది మాత్రం ఆ మాంసానికీ, దాంతో చేసే సాసేజికీ గిరాకీ రావడం వల్లే.

ఈ మాట మన సభలో కొందరికి ఇబ్బందిగా ఉంటుందని తెలుసు. నాకూ అప్పుడు ఉండింది. "మీరు కాపాడేదాన్నే కోసుకు తింటారా?" అని అక్కడి కాపరి ఒకాయన్ని అడిగేశాను. ఆయన నవ్వలేదు, కోపమూ పడలేదు. "ఎవరూ తినకపోతే నేనెందుకు పెంచుతాను?" అన్నాడు. ఒప్పుకోవాలని లేదు. కానీ ఆయన లెక్క అది. ఆ దేశంలో నేల కాపలా, పళ్లెంలో కూడు ఒకే పద్దులో ఉంటాయి.

మెలితిరిగిన పొడుగు కొమ్ముల రత్స్కా గొర్రెలదీ, ఒంటినిండా ఉంగరాల బొచ్చుండే మంగలిత్సా పందులదీ ఇదే దారి. ఇక బలతోన్ సరస్సు పక్కన కాపోల్నపుస్తాలో ఒక ప్రత్యేక సంరక్షణ కేంద్రం ఉంది. టికెట్ కొని, చెక్క వంతెనలెక్కి, పిల్లల్ని భుజాన వేసుకుని జనం ఒక జంతువును చూస్తుంటారు. అవి గేదెలు! మన చెరువుగట్టు మీద ఎవరూ తలతిప్పి కూడా చూడని గేదెలు. ఆసియా నుంచి ఎన్నో వందల ఏళ్ల కిందట అక్కడికి చేరాయి. బురద నేలలో తుంగనూ రెల్లునూ మేసి చిత్తడిని పూడిపోకుండా ఉంచుతాయి కాబట్టి వాటికి ఆ మర్యాద.

సరే, సరుకు సంగతికి వద్దాం. పార్కుల్లో "నేషనల్ పార్కు ఉత్పత్తి" అని ఒక ముద్ర ఉంది. తేనె, జామ్, చీజ్, సాసేజి, పండ్ల రసం, కుండ, బుట్ట, నేత, ఇలాంటివాటికి ఇస్తారు. దేశమంతా పది పార్కుల యంత్రాంగాల కిందికి వస్తుంది, ఒక్కో దానికి ఒక్కో ఇలాకా. ఆ ఇలాకాలో ఉన్న ఉత్పత్తిదారుడు దరఖాస్తు పెట్టుకుంటే వచ్చి చూస్తారు. ముడిసరుకు స్థానికంగా దొరికిందేనా, చేతి పని ఎంత, నేలకు హాని చేయకుండా చేస్తున్నాడా, ఆ ఊరి పద్ధతి అందులో కనిపిస్తోందా అని. ఒప్పుకుంటే ముద్ర ఇస్తారు, పార్కు సందర్శక కేంద్రంలో అమ్ముకోవడానికి చోటు దొరుకుతుంది.

ముద్రలు మనకూ ఉన్నాయి, వాటి మీద మోజూ ఉంది. కానీ నన్నడిగితే అక్కడ చిన్న ఉత్పత్తిదారుడికి ముద్ర కన్నా ఎక్కువ మేలు చేసింది 2010లో వచ్చిన ఒక నిబంధన. 2004లో హంగరీ యూరోపియన్ యూనియన్‌లో చేరింది. దాంతో పాటు పరిశుభ్రత నియమాలు వచ్చాయి. పెద్ద ఫ్యాక్టరీకి సరిపోయే నియమాలు పది మేకలున్న ఇంటావిడ పాటించాలంటే ఎలా? చీజ్ చేసే గదికి పెట్టే ఖర్చుతో ఇంకో ఇల్లు కట్టుకోవచ్చు. అయితే చిన్న మొత్తంలో, చుట్టుపక్కలే అమ్ముకునేవాళ్లకు సడలింపు ఇచ్చుకోవచ్చని ఆ యూరప్ చట్టంలోనే వెసులుబాటు ఉంది. 2010 నిబంధన దాన్ని వాడుకుంది. ఫలానా పరిమాణం దాకా ఇంట్లో చేసుకో. మీ జిల్లాలోనో, తిన్నగా కొలిస్తే 40 కిలోమీటర్ల లోపో, లేదంటే రాజధాని బుడాపెస్ట్‌లోనో అమ్ముకో, అంది. దుకాణానికీ హోటలుకీ కూడా ఇవ్వొచ్చంది. చూడ్డానికి గుమాస్తా రాసిన లెక్కలా ఉంటుంది. కానీ పల్లె వంటింటి నుంచి సరుకు దొంగచాటుగా కాకుండా బిల్లుతో బయటికి రావడానికి అదే తలుపు తీసింది.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన చోటికి తీసుకెళ్తాను. ఓర్షేగ్. దేశానికి పడమటి మూల, ఆస్ట్రియా, స్లొవేనియా సరిహద్దు. ఆ పేరుకు అర్థమే కాపలా. మధ్యయుగంలో రాజులు సరిహద్దు కాపలాకు ఇక్కడ కుటుంబాలను దింపారు. వాళ్లు ఒకచోట ఊరు కట్టుకోలేదు, గుట్టకు నాలుగైదు ఇళ్ల చొప్పున కట్టుకున్నారు. ఆ గుంపును "సెర్" అంటారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇది ఇనుప తెర అంచు, అంటే కమ్యూనిస్టు దేశాలనూ పశ్చిమ దేశాలనూ విడదీసిన కట్టుదిట్టమైన సరిహద్దు. లోపలికి పోవాలంటే పర్మిట్, ఫ్యాక్టరీలు రాలేదు, కుర్రాళ్లు వెళ్లిపోయారు. ఇవాళ పర్యాటకులు "అబ్బ, ఎంత ప్రశాంతంగా ఉందో" అని ఫొటోలు తీసుకునే ఆ అందం వెనక అంత కష్టం ఉంది.

నేల బంకమట్టి. పంట అంతంతే. కానీ బంకమట్టి కుమ్మరికి బంగారం. మజర్‌సొంబత్‌ఫా వంటి ఊళ్లు కుండల ఊళ్లు అయింది అందుకే. పొలాల్లో గుమ్మడి వేశారు. గుట్టల మధ్య గడ్డి బయళ్లు. ఆ బయళ్లలో నీలిరంగు సీతాకోకచిలుక ఒకటి ఉంది. ఒక ప్రత్యేకమైన మొక్క పూల మీదే గుడ్లు పెడుతుంది. గొంగళిపురుగు కొన్నాళ్లు ఆ పువ్వు తిని, కింద పడి, చీమల పుట్టలోకి చేరి వాటి మధ్యే పెరుగుతుంది. గడ్డి అసలు కోయకపోతే ఆ మొక్క పొదల కింద పోతుంది. పూత మీద కోస్తే గుడ్లు పోతాయి. సరైన వారాల్లో కోయాలి. మరి కోసిన గడ్డి ఎవరికి? ఆవుకు. ఆవును ఎవరు పెంచుతారు? పాలూ చీజూ అమ్ముకోగలిగేవాడు. ఒక చీజు ముక్కకూ ఒక సీతాకోకచిలుకకూ మధ్య ఉన్న ఈ లంకెను అక్కడి రేంజరు వేళ్లమీద లెక్కపెట్టి చెప్పాడు. ఆ లంకెలో ఎక్కడ తెగినా రెండు కొసలూ పోతాయి.

గుమ్మడిగింజల నూనె గానుగ దగ్గర ఒక పూట నిలబడ్డాను. ఆ గుమ్మడి కండ కోసం పెంచేది కాదు. కోసి గింజ తీసుకుని కండను పొలంలోనే వదిలేస్తారు, లేదా పశువులకు వేస్తారు. మన గింజలా పైన గట్టి పెచ్చు ఉండదు, పల్చటి పొర ఒకటే, ముదురు ఆకుపచ్చ. లీటరు నూనెకు రెండున్నర నుంచి మూడు కిలోల ఎండు గింజలు కావాలి. గింజను పిండి చేసి, నీళ్లూ కాస్త ఉప్పూ కలిపి ముద్ద చేసి, వెడల్పాటి పెనం మీద వేయిస్తారు. కీలకమంతా ఇక్కడే. గానుగ మనిషికి గడియారం ఉంది కానీ ఆయన దానివైపు చూడలేదు. ముక్కుతో చూస్తున్నాడు. పచ్చి వాసన పోయి వేరుశెనక్కాయలు వేయించినట్టు కమ్మటి వాసన వచ్చే క్షణం ఒకటుంది. ఒక్క నిమిషం ముందైతే నూనె దిగదు, తర్వాతైతే చేదు. గుప్పెడు తీసి పిసికి చూసి, "ఊఁ" అని, ముద్దను గానుగలోకి తోశాడు. కాసేపటికి కింద గొట్టంలోంచి ఇంజినాయిల్ లాంటి చిక్కటి నల్లని ధార! తెల్ల పింగాణీ మీద ఒక చుక్క వేస్తే అప్పుడు పచ్చగా మెరిసింది. ఓర్షేగ్ నూనెకు యూరోపియన్ యూనియన్ భౌగోళిక గుర్తింపు ఉంది. శరదృతువులో గుమ్మడి పండగ చేసి ఊళ్లన్నీ గుమ్మడికాయలతో నింపేస్తారు.

నూనెది సుఖమైన కథ. కుండది అంత సుఖం కాదు.

హోర్తోబాజ్ దగ్గర నాదుద్వర్ అని ఒక ఊరు, నల్ల కుండలకు పేరు. సారె మీద చేసిన కుండ కాస్త ఆరాక గులకరాయితో రుద్దుతారు. రుద్దిన చోట మెరుపు, రుద్దని చోట మసక, అదే డిజైను. ఆవం కాలడం చివరికొచ్చాక కంతలన్నీ మూసేస్తారు. గాలి అందక పొగ లోపలే సుడి తిరిగి మట్టిలోకి ఇంకి కుండ నల్లబడుతుంది. రంగు లేదు, పూత లేదు. ఆ గులకరాయి తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది.

ఒకప్పుడు ఆ కుండ నీళ్లకు. పొలం వెళ్లేవాడు వెంట తీసుకెళ్లేది. ఇప్పుడు ఎవరూ పొలానికి తీసుకెళ్లరు. కొనేది పర్యాటకుడు, అదీ విమానంలో పట్టే సైజులో. కుమ్మరి చెయ్యి చిన్న బొమ్మలకూ దీపపు గిన్నెలకూ అలవాటు పడుతోంది. పెద్ద కడవ చేయగల చెయ్యి అలా పోతుందేమోనని నా భయం. పైగా పోటీ. నేనే మోసపోయాను. బుడాపెస్ట్‌లో ఒక కొట్లో "చేత్తో చేసింది, హంగరీ పల్లెది" అంటే ముచ్చటపడి ఒక పింగాణీ జాడీ కొన్నాను. గదికొచ్చి తిరగేస్తే అడుగున అంటించిన చీటీ సగం చిరిగి ఉంది. మిగిలిన సగంలో ఉన్న దేశం పేరు హంగరీ కాదు.

హోర్తోబాజ్ ఊళ్లో దీనికి మంచి ఏర్పాటు చేశారు. పార్కు సందర్శక కేంద్రమూ చేతిపనివాళ్ల కొట్లూ ఒకే ఆవరణలో పెట్టారు. మ్యాపు అడగడానికి వచ్చినవాడు తోలు కొరడా అల్లే చేతుల ముందు నుంచి పోవాలి. అల్లుతుంటే చూసినవాడు బేరం ఆడడు. చూడనివాడే "ఇంతా!" అంటాడు. ఏటా ఆగస్టు 20 చుట్టూ వంతెన దగ్గర సంత జరుగుతుంది. కొరడాలు, గంటలు, జీను సామాను, హృదయం ఆకారపు ఎర్ర తేనెరొట్టెలు. బోగ్రాచ్ అనే వేలాడే డేగిసాలో ష్లంబుత్స్ వండుతారు. పందికొవ్వు, బంగాళదుంప, ఇంట్లో చేసిన పాస్తా. గరిటె పెట్టి కలపకూడదు, డేగిసాను ఊపి తిప్పాలి, అదీ 32 సార్లు. ఎందుకు 32 అంటే ఒక్కొక్కరు ఒక్కోటి చెప్పారు.

అన్నీ బాగున్నాయని చెప్పి పోతే మీకు అన్యాయం చేసినట్టే. బలతోన్ పైన కాప్తలన్‌తోటి అనే పల్లెలో ఆదివారం సంత ఉంది. చీజు, రొట్టె, తేనె, పాత సామాను. అది ఎంత పేరు పడిందంటే రాజధాని వాళ్లు కార్లు వేసుకుని వస్తారు, చుట్టుపక్కల పాత ఇళ్లు కొనేస్తారు. ధరలు పెరిగి ఆ ఊరి పిల్లలే అక్కడ ఇల్లు కొనలేని పరిస్థితి. సంత గెలిచింది, ఊరు గెలిచిందా అంటే నేను ఔనని చెప్పలేను. చలికాలం ఇంకో సమస్య. జూన్‌లో తిహాన్ లావెండరు తోటలో సంచి కొనుక్కుని స్వయంగా పూలు కోసుకోవడానికి జనం బారులు తీరతారు. జనవరిలో అదే దారిలో మనిషి కనబడడు. జామ్ సీసా అప్పటిదాకా ఆగుతుంది, మనిషికి నెలనెలా ఖర్చుంటుంది కదా.

నేను ఎక్కువ మాట్లాడాను, ఇక ఈ సీసా సంగతి. ఓర్షేగ్ నుంచి తెచ్చిన నూనె ఇది, సగమే మిగిలింది. మా అమ్మ వేడన్నంలో కందిపొడి వేసుకుని ఇది పోసుకుంది. "నువ్వులనూనెకు చుట్టమే గానీ, ఈ రంగేమిట్రా" అంది. మళ్లీ అడిగింది కాబట్టి నచ్చినట్టే. ముందు వరస నుంచి తిప్పండి, వాసన చూడండి, కావాలంటే వేలిమీద ఒక చుక్క వేసుకోండి. మూత గట్టిగా పెట్టి పక్కవాళ్లకివ్వండి. బట్టల మీద పడితే మరక ఓ పట్టాన పోదు, నా చొక్కా చూశారుగా.