ఒకే జన్యువు, ఒకే చోట, ఒకే అక్షరం: థైమస్ కణితుల్లో ఏం మారుతుంది?

[తెర మీద: ఛాతీ బొమ్మ. రొమ్ము ఎముక వెనక చిన్న గ్రంథి మెరుస్తుంది]

నమస్తే. గుండెకు కాస్త పైన, రొమ్ము ఎముక వెనక ఉండేది థైమస్. చిన్నతనంలో పెద్దగా ఉంటుంది, యుక్తవయసు దాటాక కొవ్వు పట్టి చిక్కిపోతుంది. రోగాలతో పోరాడే టీ కణాలకు ఇదే బడి. సొంత ఒంటి మీదే తిరగబడేవాటిని ఇక్కడే ఏరేస్తారు. పాసయ్యేవి బహు కొద్ది.

ఈ బడిలో పంతుళ్లు, గ్రంథికి చట్రం కట్టే ఎపిథీలియల్ కణాలు. థైమోమా అనే థైమస్ కణితి పుట్టేది ఈ పంతుళ్లలోనే, బడిపిల్లలైన టీ కణాల్లో కాదు. ఈ ముక్క గుర్తుంచుకోండి, మళ్లీ పని పడుతుంది.

[తెర మీద: డీఎన్‌ఏ అక్షరాల వరుస, ఒక్క 'టీ' ఎర్రబడి 'ఏ' అవుతుంది]

క్యాన్సర్ అనగానే జన్యువులన్నీ చిందరవందర అయిపోయి ఉంటాయనుకుంటాం. పొగతాగేవాళ్ల ఊపిరితిత్తుల కణితిలో నిజంగా అలాగే ఉంటుంది. థైమోమా అలా కాదు. 2018లో అమెరికాలోని క్యాన్సర్ జీనోమ్ అట్లాస్ బృందం 117 థైమస్ కణితుల్ని చదివితే, పెద్దవాళ్ల క్యాన్సర్లలో అతి తక్కువ మ్యుటేషన్లు, అంటే డీఎన్‌ఏ మార్పులు, కనిపించింది వీటిలోనే.

ఆ ఉన్న కొద్దిపాటిలోనే ఒక వింత. 2014లో బయటపడింది. ఏడో క్రోమోజోమ్ మీద జీటీఎఫ్2ఐ అనే జన్యువు ఉంది. అందులో ఒక్క అక్షరం మారుతుంది, దాంతో ప్రోటీన్‌లో 424వ స్థానంలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం బదులు హిస్టిడిన్ అనేది వచ్చి కూర్చుంటుంది. 'కల'లో ఒక్క అక్షరం మారితే 'కళ' అయినట్టు. రోగులు వేరు, ఊళ్లు వేరు, తప్పు మాత్రం అచ్చంగా అదే. థైమోమాల్లో 'ఏ' (A) అనే రకంలో 82 శాతం, 'ఏబీ' (AB) అనే రకంలో 74 శాతం మందిలో ఇదే కనిపించింది. మిగతా క్యాన్సర్లలో వెతికితే దాదాపు దొరకదు.

మ్యుటేషన్ ఉందంటే రోగం ముదిరినట్టే అని భయపడకండి. 2014 నాటి ఆ అధ్యయనంలో ఇది ఉన్నవాళ్లలో పదేళ్ల తర్వాత 96 శాతం మంది బతికున్నారు, లేనివాళ్లలో 70 శాతం. థైమస్‌లోనే వచ్చే మొండి రకం క్యాన్సర్ థైమిక్ కార్సినోమాలో ఇది అరుదు. అక్కడ టీపీ53, సీడీకేఎన్2ఏ లాంటి, చాలా క్యాన్సర్లలో చెడిపోయి కనిపించే జన్యువులే పాత నేరస్తుల్లా కనిపిస్తాయి.

కార్సినోమాలో ఇంకో తిరకాసు, కిట్ అనే జన్యువు, అది చేసే ప్రోటీన్. రంగు వేసి చూస్తే కిట్ ప్రోటీన్ చాలా కణితుల్లో కనిపిస్తుంది, జన్యువులో మార్పు మాత్రం కొద్దిమందికే ఉంటుంది. కిట్‌ను అడ్డుకునే ఇమాటినిబ్ లాంటి మందు పనిచేసేది ఆ కొద్దిమందిలో, అదీ కొన్ని రకాల మార్పులకే. రంగు చూసి మందు రాయలేం, జన్యువును చదవాల్సిందే.

[తెర మీద: వాలిపోతున్న కనురెప్ప]

ఇప్పుడు పంతుళ్ల దగ్గరికి వద్దాం. థైమోమా ఉన్నవాళ్లలో సుమారు మూడోవంతు మందికి మయస్థీనియా గ్రేవిస్ అనే కండరాల బలహీనత జబ్బు వస్తుంది. రెప్పలు వాలిపోతాయి, ఒకటి రెండుగా కనిపిస్తుంది, మింగడం కష్టమవుతుంది. అలాంటి కణితుల్లో కండరాల ప్రోటీన్లను పోలిన ప్రోటీన్ల జన్యువులు అతిగా పనిచేస్తున్నాయని అట్లాస్ బృందం చూసింది. పాఠమే తప్పుగా చెబితే పిల్లలు సొంత కండరాల్నే శత్రువనుకుంటారు.

అందుకే రోగనిరోధక వ్యవస్థకు పగ్గాలు వదిలే ఇమ్యునోథెరపీ మందులంటే ఇక్కడ డాక్టర్లు వెనకాడతారు. తప్పుడు పాఠం నేర్చిన టీ కణాలకు పగ్గాలు వదిలితే గుండె కండరం వాచిపోయి ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలున్నాయి.