తెమడను మింగేసేవారిని ఏమని అడగాలి?

సభకు నమస్కారం.

కొన్నేళ్ళ కిందట ఒక పెద్దావిడ నా దగ్గర చికిత్సకు వచ్చేవారు. వయసులో ఉండగా వచ్చి తగ్గిన క్షయ ఆమె ఊపిరితిత్తుల్లో మచ్చలు మిగిల్చింది. ఆ మచ్చల్లో క్షయ సూక్ష్మజీవికి దాయాది లాంటి మరొకటి చేరింది. మట్టిలోనూ కుళాయి నీళ్ళలోనూ బతికే ఈ జాతిని వైద్యులు ఎన్‌టీఎం అంటారు. రోజూ మూడు రకాల మందులు, ఏడాదికి పైగా. ఎనిమిదో నెలలో తెమడ పరీక్షలో సూక్ష్మజీవి పెరగలేదు. సంతోషంగా ఆ మాట చెప్పాను. ఆవిడ నా చేతిలోని రిపోర్టు వైపు చూసి, "తగ్గింది కాగితంలో నాయనా, నా ఒంట్లో కాదు" అన్నారు.

ఒంట్లో ఏది తగ్గలేదో, ఎంత మిగిలిందో కొలిచి రాసుకునే సాధనం ఆ రోజు నా బల్ల మీద లేదు. ఎన్‌టీఎం రోగుల కోసం అలాంటి సాధనాన్ని తెలుగులో తయారుచేసే ఈ పనిలోకి నన్ను దింపింది ఆ మాటే.

జ్వరాన్ని థర్మామీటరు చూపిస్తుంది. ఆయాసం, నీరసం, రాత్రంతా దగ్గి పోగొట్టుకున్న నిద్ర మాత్రం రోగి చెబితేనే తెలుస్తాయి. ఆ చెప్పినదాన్ని అంకెల్లోకి తెచ్చేది ప్రశ్నావళి. అది సరిగ్గా కొలుస్తోందో లేదో నిగ్గు తేల్చడాన్ని ప్రామాణీకరణ అంటాం. అంగడి తక్కెడకు ముద్ర వేసే ముందు తూనికలు కొలతల శాఖ వారు చేసే పని లాంటిది ఇది.

ముద్ర లేని తక్కెడతో ఎంత చిక్కో చెబుతాను. ఎన్‌టీఎం రోగులు పీల్చుకునే అమికాసిన్ మందుకు 2018లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది. దానికి ఆధారమైన ప్రయోగంలో 336 మంది రోగులున్నారు. ఆరు నెలలకు తెమడలో సూక్ష్మజీవి లేకుండా పోయినవారు, పాత మందులకు ఈ మందు కూడా కలిపి వాడినవారిలో 29 శాతం, పాత మందులు మాత్రమే వాడినవారిలో 8.9 శాతం. తేడా స్పష్టం. కానీ ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడవగలరన్న పరీక్షలోనూ, రోగులు పూరించిన ప్రశ్నావళిలోనూ రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. రోగులకు నిజంగానే హాయి కలగలేదా? కలిగినా ఆ ప్రశ్నలకు అందలేదా? ఆ అంకెలు ఎంతసేపు చూసినా జవాబు దొరకదు. అందుకే తర్వాత జరిగిన ఒక ప్రయోగంలో, ఈ జబ్బుకు తగిన ప్రశ్నావళిని నిగ్గు తేల్చడమే ముఖ్య లక్ష్యంగా పెట్టుకున్నారు.

మొదటి ప్రయోగంలో వాడింది లండన్‌లోని సెయింట్ జార్జ్ ఆసుపత్రి పేరుతో 1992లో వెలువడిన ప్రశ్నావళి. 50 అంశాలు, సున్నా నుంచి 100 దాకా మార్కులు. గొప్ప పనిముట్టు, దాని మీద నాకు గౌరవం ఉంది. ఉబ్బసం, సీఓపీడీ (ఊపిరి గొట్టాలు కుంచించుకుపోయే దీర్ఘకాలిక జబ్బు) రోగులను దృష్టిలో పెట్టుకుని చేసింది. అందులో ఆయాసం గురించి అడుగుతూ గోల్ఫ్ ఆడటం, పారతో మంచు తీయడం వంటి పనులు చెబుతారు. బోరబండలో రెండో అంతస్తులో ఉండే గృహిణికి ఈ ప్రశ్నను మాటకు మాటగా తెలుగు చేసి ఇవ్వలేం. మంచు తీయడంలో ఎంత శ్రమ ఉందో అంత శ్రమ ఉన్న పని వెతకాలి. నిండు బిందెతో మేడ ఎక్కడమా, తడిసిన దుప్పట్లు పిండడమా? రెండూ ఒకటేనా? రోగులతో కూర్చుని తేల్చాల్సిన విషయం ఇది.

ఇక మాటల దగ్గరకు వద్దాం. నాకు ఎక్కువ ఇష్టమైన భాగం ఇదే. ఊపిరి అందకపోవడాన్ని ఒకరు ఆయాసం అంటారు, ఒకరు దమ్ము అంటారు, ఇంకొకరు ఎగశ్వాస అంటారు. తెమడ, కళ్ళె, కఫం, గల్ల: హైదరాబాద్‌లో ఒకే వార్డులో నాలుగూ వినిపిస్తాయి. అలసట, నీరసం ఒకటేనని నిఘంటువు చూసి అనుకుంటాం. రోగుల లెక్క వేరు. పని చేస్తే వచ్చేది అలసట, పడుకుని లేచినా ఉండేది నీరసం. ఈ జబ్బులో పీడించేది రెండోది. ప్రశ్నలో మొదటి మాట వేస్తే, ఏ పనీ చేయలేక మంచం పట్టిన మనిషి "అలసట లేదు" అని నిజాయితీగా చెబుతారు. ఆ కాగితం ప్రకారం ఆయన ఆరోగ్యవంతుడు.

జవాబుల వరసలోనూ చిక్కుంది. "అరుదుగా, అప్పుడప్పుడు, తరచుగా" అని మెట్లు కడతాం. అరుదుగా అన్నది పుస్తకాల మాట. చాలామంది దాన్ని దాటేసి పక్కదానికి వెళ్ళిపోతారు. వారంలో ఎన్ని రోజులు అని అడిగితే తడుముకోరు.

ప్రశ్న చదివి వినిపించి, "దీన్ని మీ మాటల్లో చెప్పండి, మీకేం అర్థమైంది?" అని అడిగే దశ ఒకటుంది. అనువాదాన్ని తిరిగి ఇంగ్లిషులోకి మార్చి చూడటం కంటే ఇది వంద రెట్లు మేలని నా అభిప్రాయం. "రోజుకు ఎంత తెమడ పడుతుంది?" అని అడిగితే కొందరు ఆడవాళ్ళు "పడదు" అంటారు. పడదు, నిజమే. బస్సులో, నలుగురి ముందు ఉమ్మలేక మింగేస్తారు. "గొంతులోకి వచ్చినదాన్ని మింగేస్తున్నారా?" అని విడిగా అడిగితేనే విషయం బయటికి వస్తుంది. పక్కన కూర్చున్న కొడుకు "అమ్మకేం దగ్గు లేదండీ" అని జవాబు చెబితే అదీ పనికిరాదు. చదవలేని వారికి శిక్షణ పొందినవారు, ఇంట్లోవాళ్ళు పక్కన లేకుండా చదివి వినిపించాలి. ఉర్దూ మాట్లాడే వారి ప్రశ్నావళికి ఇదంతా మళ్ళీ మొదటి నుంచి చేయాలి.

ఆ తర్వాతిది లెక్కల పని. జబ్బు నిలకడగా ఉన్న మనిషిని రెండు వారాల తర్వాత అవే ప్రశ్నలు అడిగితే దాదాపు అవే మార్కులు రావాలి. జబ్బు ముదిరిన వారికీ తేలికగా ఉన్న వారికీ తేడా కనిపించాలి. ఎన్ని మార్కులు మారితే రోగికి నిజంగా తేడా తెలుస్తుందో కూడా తేల్చాలి. సెయింట్ జార్జ్ ప్రశ్నావళికి అది 4. వికారం, ఆకలి చచ్చిపోవడం లాంటివి జబ్బువా, మందులవా అన్నది విడదీయడం వీటన్నిటికంటే కష్టం. మందులు మొదలుపెట్టిన తొలి నెలల్లో రోగి మరింత డీలాపడవచ్చు.

ఇంత శ్రమ ఎవరి కోసమంటారా? భారతదేశంలో ఊపిరి గొట్టాలు శాశ్వతంగా వెడల్పయిన 2,195 మంది రోగులను నమోదు చేసిన అధ్యయనం 2019లో వెలువడింది. వారిలో 35.5 శాతం మందికి మూలం పాత క్షయే. మొదట చెప్పిన పెద్దావిడలాగే, క్షయ తగ్గిందని మనం ఫైలు మూసేసిన మనుషులు వీళ్ళు.

బయట బల్ల మీద మా ప్రశ్నల చిత్తుప్రతి పెట్టాం. వెళ్ళేటప్పుడు ఒకటి తీసుకోండి. మీ ఇంట్లో దగ్గే పెద్దవారికి చదివి వినిపించి, ఎక్కడ ఆగారో, ఏ మాటకు బదులు ఏ మాట అన్నారో అంచున రాసి పంపండి. పేరు రాయవద్దు, ఊరు మాత్రం రాయండి.