లియోన్‌లో తలుపు తోసి చూడండి

అందరికీ నమస్కారం. ఫ్రాన్స్ గురించి మాట్లాడమన్నారు, కానీ ఈఫిల్ టవర్ జోలికి నేను పోను, దాని ఫోటో మీ అందరి ఫోన్లలోనూ ఉంది. లియోన్ అనే ఊళ్లో కొన్ని వీధి తలుపుల గురించి చెప్తాను.

మాది ధర్మవరం, మగ్గం ఇల్లు. మా తాత మగ్గం పైన జకార్డు, అంటే బుటాలు నేసే సాధనం, పెట్టించినప్పుడు కప్పు ఎత్తు చాలక రేకులు పైకి లేపించాడు. తెచ్చిన అప్పులో సగం మగ్గానికి కాదు, కప్పుకే పోయిందని మా అవ్వ చివరిదాకా ఆయన్ని సాధించింది. ఆ జకార్డు లియోన్‌దే. జోసెఫ్ మారీ జకార్డ్ అనే ఆ ఊరాయన 1804లో చేశాడు, బెజ్జాలు కొట్టిన అట్టలు వరసగా తిరుగుతుంటే ఏ పోగు లేవాలో అవే చెప్తాయి. మేం రోజూ పలికే ఆ మాట ఒక మనిషి పేరని నాకు అక్కడికి వెళ్లాకే తెలిసింది, నవ్వకండి.

లియోన్‌లో రెండు కొండలు. ఫూర్వియేర్ మీద చర్చి ఉంది, అది ప్రార్థన చేసే కొండ. క్రువా-రూస్ పనిచేసే కొండ. పట్టు నేసేవాళ్లు, అక్కడివాళ్ల మాటలో కానూలు, 19వ శతాబ్దంలో ఉన్నది దీని మీదే. వీధిలోంచి చూస్తే బోసి మేడలు, ఒక్క చెక్కడమన్నా ఉండదు, అందుకే చాలామంది చూడకుండానే వెళ్లిపోతారు. కాస్త తలెత్తి ఆ కిటికీల పొడుగు చూడండి. లోపల కప్పు దాదాపు 4 మీటర్లు, మా తాత రేకులు లేపించిన కారణమే. మగ్గం కొలతకి ఇల్లు కట్టి, మిగిలిన జాగాలో మనుషులు సర్దుకున్నారు: ఓ మూల చెక్క అటక వేసుకుని సంసారమంతా దాని మీదే పడుకునేది. మగ్గం చప్పుడుకి వాళ్లు పెట్టుకున్న పేరు 'బిస్తాంక్లాక్-పాన్', గట్టిగా ఒకసారి అనండి, మగ్గం పక్కన పెరిగినవాళ్లకి వెంటనే తెలుస్తుంది!

ఇక తలుపులు. ఒక వీధిలో తలుపు తోస్తే ఇళ్ల మధ్యనుంచి పక్క వీధిలో తేలతాం, ఈ దారుల్ని ట్రబూల్ అంటారు. పాత లియోన్‌లో సాన్-జాన్ వీధి 54 నంబరు తలుపు ముందు నేను పది నిమిషాలు నిలబడ్డాను, పరాయి ఇల్లు కదా, ఎవరైనా అరుస్తారేమోనని టెన్షన్. చివరికి కూరల సంచితో ఒక పెద్దావిడ లోపల్నుంచి వచ్చి, తలుపు పట్టుకుని వెళ్లమన్నట్టు తలూపింది. చల్లటి రాతి గోడలు, పోస్టు డబ్బాలు, సైకిలు, చెత్త డబ్బా, పైన ఎవరింట్లోనో ఉల్లిపాయలు వేగుతున్న వాసన. ఒక ముంగిలి దాటి ఇంకో ముంగిలి దాటుకుంటూ పోయి ఎద్దు వీధిలో, అంటే ర్యూ ద్యు బఫ్‌లో బయటపడ్డాను.

1831 నవంబరులో నేత కూలి రేటు ఖాయమయ్యాక, తీరా వ్యాపారులు కాదంటే కానూలు తిరగబడ్డారు, 1834లో మళ్లీ. అప్పుడు వాళ్లకి ఈ దారులు పనికొచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లకి ఎదురు నిలిచినవాళ్లకీ ఈ దారులు పనికొచ్చాయి. ఇలాంటివి వందల్లో ఉన్నా జనానికి తెరిచినవి కొన్ని పదులే. ఇంటివాళ్లు రానిస్తారు, బదులుగా నగరపాలక సంస్థ మరమ్మతుల ఖర్చులో సాయం చేస్తుంది. లోపల గట్టిగా మాట్లాడకండి, పైన కాపురాలున్నాయి.

అన్నట్టు, ఫ్రాన్స్‌లో ఏ పాత ఊళ్లోనైనా ఇటుకలతో మూసేసిన కిటికీ కనిపిస్తే అనుమానించండి. తలుపులకీ కిటికీలకీ లెక్కగట్టి పన్ను వేసేవాళ్లు, 1798లో మొదలై 1926దాకా. వెలుగు వద్దు, డబ్బు మిగిలితే చాలనుకున్న ఇళ్లు అవి కావచ్చు.

క్రువా-రూస్‌లో ఆ ఎత్తు కప్పుల ఇళ్లకి ఇప్పుడు మంచి గిరాకీ. ధర్మవరంలో మా మగ్గం అమ్మేశాం, కప్పు మాత్రం అంతే ఎత్తులో ఉంది, ఫ్యాను తుడవాలంటే పక్కింటివాళ్ల నిచ్చెన అడగాలి.