తిరిగిన బండి, ఉడికిన బండి: 535ఐ తీసుకోవాలా, 550ఐ తీసుకోవాలా?

నమస్కారమండీ. ఈ వారం ఒక్క ప్రశ్న గురించే మాట్లాడతాను. మన ప్రేక్షకుల్లో ఒకాయన రెండు కార్లు చూసొచ్చి, ఏది తీసుకోవాలో తేల్చుకోలేక నాకు రాశారు. రెండూ బీఎండబ్ల్యూ 5 సిరీస్‌లే, రెండూ 2012 మోడల్, ఎఫ్10 అని పిలిచే తరం. ఒకటి 535ఐ. 1,35,000 కిలోమీటర్లు తిరిగింది, ఇద్దరు ఓనర్లు మారారు, కానీ మొదటి నుంచీ సర్వీస్ కాగితాలన్నీ ఉన్నాయి. రెండోది 550ఐ. తిరిగింది 65,000 కిలోమీటర్లే, ఒకే ఓనరు, లోపల సీట్లు నిన్న షోరూమ్ నుంచి వచ్చినట్టు ఉన్నాయట. సర్వీస్ కాగితాలు మాత్రం అక్కడక్కడా ఉన్నాయి. రెండింటి ధరా ఇంచుమించు ఒకటే. ఆయన చివర్లో అడిగింది ఇది: "అదే డబ్బుకి పెద్ద ఇంజినొస్తోంది, పైగా సగం కిలోమీటర్లే తిరిగింది. దాన్ని వదులుకోవడం తప్పు కాదా?"

నేనైతే 535ఐ తీసుకోమంటాను. ఎందుకో చెప్పాలంటే బోనెట్ ఎత్తాలి.

535ఐలో ఉండేది ఎన్55 అనే ఇంజిన్. మూడు లీటర్లు, ఆరు సిలిండర్లు ఒకే వరుసలో, ఒక టర్బో (కాలిన పొగ ఊపుతో తిరిగి, ఇంజిన్‌లోకి గాలిని నెట్టేది). సుమారు 300 హార్స్‌పవర్, 400 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం. 550ఐలో ఉండేది ఎన్63. 4.4 లీటర్ల వీ8, అంటే ఎనిమిది సిలిండర్లు రెండు వరుసలుగా వీ ఆకారంలో, రెండు టర్బోలు, 400 దాటిన హార్స్‌పవర్, 600 న్యూటన్ మీటర్ల టార్క్. ఆగి ఉన్న బండి వంద స్పీడు అందుకోవడానికి మొదటిదానికి ఆరు సెకన్లు పడితే, రెండోదానికి ఐదు సెకన్లు. గేర్‌బాక్స్ రెండింట్లోనూ జెడ్‌ఎఫ్ కంపెనీ చేసిన ఎనిమిది గేర్ల ఆటోమేటిక్. చాలా మంచి గేర్‌బాక్స్ అది.

ఆ వీ8ని నేను తక్కువ చేసి మాట్లాడను. యాక్సిలరేటర్ మీద పాదం అలా ఆనిస్తే చాలు, వెనక నుంచి ఎవరో రెండు చేతులతో తోసినట్టు బండి ముందుకెళ్తుంది. ఇంజిన్ అరవదు, కష్టపడుతున్నట్టు కూడా అనిపించదు. కొత్తగా కొన్నవాళ్లకి అది నిజంగా గొప్ప అనుభవం. మనం మాట్లాడుతున్నది పదేళ్లు దాటిన బండి గురించి కాబట్టి లెక్క మారుతుంది.

మామూలు వీ ఇంజిన్‌లో గాలి మధ్యలోంచి లోపలికి వస్తుంది, కాలిన పొగ రెండు పక్కల నుంచి బయటికి పోతుంది. ఎన్63లో దీన్ని తిరగేశారు. గాలి పక్కల నుంచి వస్తుంది, పొగ మధ్యలోకి వస్తుంది. రెండు వరుసల సిలిండర్ల నడుమ లోయలాంటి ఖాళీ ఉంటుంది కదా, టర్బోలు రెండూ ఆ లోయలోనే కూర్చుంటాయి. 2008లో ఎక్స్6తో ఈ ఇంజిన్ వచ్చినప్పుడు ఇది పెద్ద విశేషం. పొగ ప్రయాణించే దారి తగ్గుతుంది, టర్బో త్వరగా అందుకుంటుంది, ఇంజిన్ వెడల్పు కూడా తగ్గుతుంది. తర్వాత ఆడి, మెర్సిడెస్ ఏఎంజీ కూడా తమ వీ8లలో ఈ పద్ధతికే వచ్చాయి. కాబట్టి ఆలోచనలో తప్పు లేదు. ఈ మొదటి తరం ఇంజిన్‌లో ఆ వేడి ఎక్కడికి పోవాలన్నదే సమస్య.

బండి నడుస్తున్నంతసేపూ టర్బోలు విపరీతంగా కాలుతాయి. రోడ్డు మీద వేగంగా వెళ్తుంటే గాలి తగిలి కొంతైనా చల్లబడతాయి. ఇంజిన్ ఆపేశాక ఆ గాలి ఉండదు, వేడి మాత్రం లోయలోనే ఉండిపోయి మెల్లమెల్లగా చుట్టూ పాకుతుంది. అక్కడ ఏమున్నాయి? ఇంజిన్‌ని చల్లబరిచే కూలంట్ పైపులు, వ్యాక్యూమ్ గొట్టాలు, వైరింగ్, ప్లాస్టిక్ కనెక్టర్లు, రబ్బరు సీల్స్. 550ఐ నడిపొచ్చి ఇంజిన్ ఆపేసి ఒకసారి పక్కన నిలబడండి. ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది. లోపల ఒక ఎలక్ట్రిక్ పంపు టర్బోలకి కూలంట్ తిప్పుతూనే ఉంటుంది. ఇదంతా నడిచేది బ్యాటరీ మీద. ఈ బండ్లలో బ్యాటరీలు త్వరగా నీరసించిపోవడానికి ఇదొక కారణం.

ఇక 65,000 కిలోమీటర్ల సంగతి. పదమూడేళ్లకు పంచితే ఏడాదికి 5,000. అంటే రోజుకి పధ్నాలుగు కిలోమీటర్లు కూడా లేదు. పెద్ద వీ8ని రోజూ అంత చిన్న దూరం తిప్పితే ఏమవుతుందో చూడండి. ఇంజిన్ ఆయిల్ పూర్తిగా వేడెక్కేలోపే బండి ఆగిపోతుంది. ఆయిల్‌లో చేరిన తేమ, పెట్రోలు ఆవిరై పోవు. ఆ కాస్త దూరం కూడా ట్రాఫిక్‌లో నిలబడుతూ పోయి ఉంటే, కిలోమీటర్లు పెరగకుండానే ఇంజిన్ నడిచిన గంటలు పెరుగుతాయి. మీటరు మాత్రం చక్రాలు తిరిగిన లెక్కే చెప్తుంది.

ఈ పాఠం నాకు డబ్బు పోసి నేర్చుకున్నాక వచ్చింది. ఏడేళ్ల కిందట నేనూ తక్కువ తిరిగిన ఒక వీ8 సెడాన్ కొన్నాను. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. పెయింట్ మెరుస్తోంది, తోలు సీట్ల వాసన కూడా పోలేదు, నేను మీటరు చూసి మురిసిపోయాను. రెండో నెలలో కూలంట్ తగ్గడం మొదలైంది. గ్యారేజీలో మెకానిక్ లోపల్నుంచి ఒక పైపు తీసి నా చేతిలో పెట్టాడు. రబ్బరు కదా అని వేళ్లతో వంచబోయాను, పెళుక్కున విరిగింది. లోపలి అంచు నల్లగా పొడిపొడిగా రాలి నా అరచేతికంతా అంటుకుంది. "సార్, ఇది తిరిగిన బండి కాదు, ఉడికిన బండి" అన్నాడతను. ఆ ఒక్క పైపు మార్చడానికి సగం ఇంజిన్ విప్పాల్సొచ్చింది. విప్పాక దాని పక్కనున్నవన్నీ అదే స్థితిలో కనిపించాయి. పైన పటారం, లోన లొటారం అంటారే, సరిగ్గా అలా ఉంది. అప్పటి నుంచి నేను ఏ పాత బండి దగ్గరికెళ్లినా మీటరు చివర్లో చూస్తాను.

మళ్లీ ఎన్63 దగ్గరికొద్దాం. ఇందులో అందరూ చెప్పుకునే జబ్బు ఆయిల్ తాగడం. దాని వెనక ముఖ్య కారణాల్లో ఒకటి వాల్వ్ సీల్స్. సిలిండర్‌లోకి గాలి వచ్చే దారినీ, పొగ పోయే దారినీ తెరిచి మూసేవి వాల్వులు. ఒక్కో వాల్వ్ కాడకి వేలి కొనంత చిన్న రబ్బరు టోపీ ఉంటుంది, పైన ఉన్న ఆయిల్ కిందికి జారకుండా. ఈ ఇంజిన్‌లో అలాంటివి 32. ఏళ్ల తరబడి వేడికి అవి గట్టిపడిపోతాయి. బండి ఐడ్లింగ్‌లో, అంటే ఆగి ఇంజిన్ మాత్రం నడుస్తూ ఉన్నప్పుడు, గాలిని లోపలికి వదిలే థ్రాటిల్ దాదాపు మూసుకుని ఉంటుంది కాబట్టి లోపల వ్యాక్యూమ్ పుడుతుంది. గట్టిపడ్డ సీల్ సందులోంచి ఆ వ్యాక్యూమ్ ఆయిల్‌ని చుక్క చుక్కగా లోపలికి లాగుతుంది. సిగ్నల్ దగ్గర రెండు మూడు నిమిషాలు ఆగి, పచ్చ లైటు పడగానే యాక్సిలరేటర్ తొక్కితే వెనక నీలం పొగ గుప్పుమంటుంది. అది చూస్తే సీల్స్ పోయాయన్న అనుమానం రావాలి. కొన్ని గ్యారేజీలు ఇప్పుడు ఇంజిన్ దించకుండానే ప్రత్యేకమైన టూల్స్‌తో వీటిని మారుస్తున్నాయి. అయినా అది రోజుల తరబడి చేసే పని, బిల్లు కూడా అలాగే వస్తుంది.

ఇది నా ఒక్కడి అభిప్రాయం కాదు. 2014 డిసెంబర్‌లో బీఎండబ్ల్యూ అమెరికాలో ఈ ఇంజిన్ ఉన్న బండ్ల కోసం ప్రత్యేకంగా ఒక కస్టమర్ కేర్ ప్యాకేజీ పెట్టింది. అందులో టైమింగ్ చైన్ (వాల్వుల్ని సరైన సమయానికి తెరిపించే గొలుసు), పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు, వ్యాక్యూమ్ పంపు, బ్యాటరీ లాంటివి చెక్ చేయడం, అవసరమైతే మార్చడం ఉన్నాయి. ఆయిల్ మార్చే గడువు కూడా తగ్గించారు. అంతకుముందు 15,000 మైళ్లు లేదా రెండేళ్లు, తర్వాత 10,000 మైళ్లు లేదా ఏడాది, ఏది ముందొస్తే అది. అంటే 2012 బండి తన మొదటి రెండేళ్లూ పాత గడువు మీదే నడిచి ఉండొచ్చు. కాగితాలు అక్కడక్కడా ఉన్నాయని ఆయన రాస్తే నేను ఉలిక్కిపడింది అందుకే.

535ఐ మచ్చలేని బండి అని మాత్రం అనను. దాని వాటర్ పంపు ఎలక్ట్రిక్‌ది. బెల్టుతో తిరిగే పంపులా ముందు శబ్దం చేసి, కాస్త కారి హెచ్చరించదు. ఒకరోజు ఆగిపోతుంది, స్క్రీన్ మీద టెంపరేచర్ వార్నింగ్ వస్తుంది, అంతే, బండి పక్కకి తీసి ఆపేయాల్సిందే. 1,35,000 తిరిగిన బండిలో అది ఇంకా మారలేదంటే కొన్న వారంలోనే మార్పించేయండి, థర్మోస్టాట్‌తో సహా. వాల్వ్ కవర్ ప్లాస్టిక్‌ది, అది పగలొచ్చు, దాని అతుకు దగ్గరుండే గ్యాస్కెట్ కారొచ్చు. ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ దగ్గర గ్యాస్కెట్ కారడం ఇంకా జాగ్రత్తగా చూడాలి. అక్కడ కారిన ఆయిల్ నేరుగా బెల్టు మీద పడుతుంది. నానిన బెల్టు జారి, చీలి, దాని పోగులు ముందు క్రాంక్ సీల్ లోంచి ఇంజిన్ లోపలికి పోయిన సందర్భాలున్నాయి. చిన్న గ్యాస్కెట్‌ని నిర్లక్ష్యం చేస్తే ఇంజినే పోతుంది. ఇంకా, టర్బో నెట్టే గాలిని ఇంజిన్‌కి తెచ్చే ప్లాస్టిక్ ఛార్జ్ పైపు చిట్లితే పికప్ ఒక్కసారిగా పడిపోతుంది.

కానీ గమనించారా, వీటిలో చాలావరకు ఇంజిన్ బయట ఉన్నవే. ఆరు సిలిండర్లు ఒకే వరుసలో ఉండటం వల్ల ఇంజిన్ సన్నగా ఉంటుంది, టర్బో ఒక పక్కన ఉంటుంది, మెకానిక్ చేతికి చోటుంటుంది, గాలి ఆడుతుంది. థ్రాటిల్ బదులు వాల్వులు తెరుచుకునే ఎత్తుతో గాలిని అదుపు చేసే వాల్వ్‌ట్రానిక్ అనే ఏర్పాటు మొదటి నుంచీ ఉండటంతో ఐడ్లింగ్‌లో అంత వ్యాక్యూమ్ కూడా పుట్టదు. ఇన్‌లైన్ సిక్స్‌కి ఇంకో వరం ఉంది. పిస్టన్లు జతజతలుగా ఒకదాని ఊపుని ఇంకొకటి రద్దు చేసుకుంటాయి. అందుకే ఊపు తగ్గించడానికి పెట్టే బ్యాలెన్స్ షాఫ్టులు లేకుండానే ఈ ఇంజిన్ నున్నగా తిరుగుతుంది. నిజం చెప్పాలంటే నెమ్మదిగా వెళ్లేటప్పుడు నాకు ఆ వీ8 కంటే ఈ ఆరు సిలిండర్ల నునుపే ఎక్కువ నచ్చుతుంది.

రెండింటికీ ఉన్న సమస్య ఒకటి చెప్తాను. పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే ఇంజిన్లు ఇవి. ఇన్‌టేక్ వాల్వుల మీదుగా పెట్రోలు పోదు కాబట్టి అవి కడగబడవు, మసి పేరుకుంటుంది. వాల్‌నట్ పెంకుల పొడిని గాలితో కొట్టి శుభ్రం చేస్తారు. గేర్‌బాక్స్ ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదని బీఎండబ్ల్యూ అంటుంది. ఆ గేర్‌బాక్స్ చేసిన జెడ్‌ఎఫ్ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. నేను దాన్ని తయారు చేసినవాళ్ల మాటే వింటాను.

ధర ఒకటే కదా అన్న మాటకి కూడా జవాబు చెప్పాలి. కొత్తగా ఉన్నప్పుడు 550ఐ చాలా ఖరీదైన బండి. ఇప్పుడు 535ఐ ధరకే వస్తోందంటే, దాని రిపేర్ల సంగతి తెలిసినవాళ్లు వెనక్కి తగ్గారని అర్థం. బండి ధర పడిపోయింది గానీ దాని స్పేర్ పార్టుల ధర పడలేదు. ఇంజెక్టర్లు ఆరుకి బదులు ఎనిమిది, టర్బో ఒకటికి బదులు రెండు. విప్పడానికి పట్టే గంటలు కూడా ఎక్కువే.

మరి వీ8 ఎప్పుడు తీసుకోవచ్చు? వాల్వ్ సీల్స్ మార్చిన బిల్లు చేతిలో ఉండి, ఏడాదికోసారి ఆయిల్ మార్చిన రికార్డు ఉండి, కొన్న ధర కాకుండా రిపేర్లకని మంచి మొత్తం పక్కన పెట్టుకోగలిగితే తీసుకోండి. లేదా 2013లో ఫేస్‌లిఫ్ట్ అయ్యాక, అంటే అదే తరానికి మార్పులు చేశాక వచ్చిన 550ఐ వెతకండి. అందులో సవరించిన ఎన్63 ఉంటుంది. వాల్వ్‌ట్రానిక్ చేర్చారు, 450 దాకా హార్స్‌పవర్ ఇస్తుంది. వేడి దానికీ ఉంది, కాకపోతే మొదటిదాని కంటే నయం.

ఆయన ఈ ఆదివారం రెండు బండ్లూ మళ్లీ చూడ్డానికి వెళ్తున్నారట. సార్, ముందే ఫోన్ చేసి, నేనొచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దని ఇద్దరికీ చెప్పండి. వెళ్లగానే బోనెట్ మీద అరచెయ్యి పెట్టండి. వెచ్చగా తగిలితే ఆ రోజుకి చూడకండి, ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చేయండి. చల్లగా ఉంటే మీరే స్టార్ట్ చేయండి. మొదటి రెండు మూడు సెకన్లు టైమింగ్ చైన్ గలగలమంటుందేమో చెవి పెట్టి వినండి. తర్వాత ఒక రౌండు నడిపి, ఇంజిన్ బాగా వేడెక్కాక, పావుగంట అలాగే ఐడ్లింగ్‌లో వదిలేయండి. ఆ పావుగంట అమ్మేవాళ్లు ఎంత తొందరపెట్టినా కదలకండి. మీతో వచ్చినవాళ్లని బండి వెనక నిలబెట్టి, లోపల కూర్చుని యాక్సిలరేటర్ ఒక్కసారి గట్టిగా తొక్కండి. వెనకున్నవాళ్లని పొగ వచ్చిందా అని అడగొద్దు, ఏ రంగులో వచ్చిందని అడగండి. ఏం చెప్పారో నాకు రాయండి.