కువైట్‌లో మనమ్మ పనిచేసే ఇల్లు: వలసకు అవతలి వైపు

[తెర: రాజంపేట వీధి, ట్రావెల్స్ బోర్డులు]

రాజంపేట, రాయచోటి చుట్టుపక్కల ఊళ్లలో "మా అమ్మ కువైట్‌లో ఉంది" అనే పిల్లలు ఎందరో. అమ్మ లేని ఆ ఇంటి గురించి వీడియోలు చాలానే వచ్చాయి. ఆమె వెళ్లి చేరిన ఇల్లు ఏమైందో ఎవరూ పెద్దగా అడగరు. ఇవాళ అది చూద్దాం.

[తెర మీద అంకెలు]

కువైట్ జనాభా సుమారు 49 లక్షలు. అందులో కువైటీలు 15 లక్షలే. ఇళ్లలో పనిచేసే విదేశీయులు 7 లక్షలకు పైనే. అంటే ఇద్దరు కువైటీలకు దాదాపు ఒక పనిమనిషో, డ్రైవరో, వంటమనిషో!

[తెర: విల్లా ప్లాను]

ఇల్లు కట్టేటప్పుడే పనిమనిషికి గది, డ్రైవరుకు గది వేసుకుంటారు. ఇంటి ఆడవాళ్ల బతుకూ మారింది. ప్రభుత్వ ఉద్యోగాల్లో ఉన్న కువైటీల్లో సగానికి మించి మహిళలే. చదువు, చమురు డబ్బు వల్లే అంటారు, కాదనను. కానీ పొద్దున్నే చంటిబిడ్డను ఎవరి చేతికిచ్చి ఆఫీసుకు వెళ్తున్నారో కూడా చూడాలి కదా? మగవాళ్లు ఇంటిపనిలో చెయ్యి వేయాలా వద్దా అన్న తగువు ఆ ఇళ్లలో పెద్దగా రాలేదు. ఆ పని కడప నుంచో, కొలంబో నుంచో, మనీలా నుంచో వచ్చిన ఇంకో ఆడమనిషి మీద పడింది.

పిల్లల సంగతి ఇంకా చిక్కు. ఆమెకు వచ్చిన అరబ్బీ అరకొర. పిల్లలు ఆమెతో ఆ అరకొర అరబ్బీలోనే మాట్లాడతారు. దాంతో మా పిల్లలకు సొంత భాష రావడం లేదని అక్కడి తల్లిదండ్రుల దిగులు. పెంచడానికి ఆమె కావాలి, ఆమె భాష మాత్రం అంటకూడదు!

[తెర: పాత వార్తాచిత్రాలు]

1990 ఆగస్టులో ఇరాక్ దండెత్తినప్పుడు విదేశీయులు లక్షల్లో వెళ్లిపోయారు. మిగిలిన కువైటీలే రొట్టెలు కాల్చారు, వీధుల్లో చెత్త ఎత్తారు. యుద్ధం అయ్యాక విదేశీయుల మీద ఆధారపడటం తగ్గించుకుంటామన్నారు. తగ్గలేదు, ఇంకా పెరిగింది.

2015లో ఇంటిపనివాళ్లకు చట్టం వచ్చింది. వారానికో సెలవు, రోజుకు 12 గంటలకు మించని పని. మరుసటి ఏడాది కనీస జీతం 60 దినార్లన్నారు. అయినా ఆకామా, అంటే అక్కడ ఉండటానికిచ్చే అనుమతి, యజమాని చేతిలోనే ఉంటుంది. చెప్పకుండా ఇల్లు వదిలితే కల్లివల్లి, అంటే పారిపోయి అనుమతి లేకుండా ఉంటున్న మనిషి, అయిపోయినట్టే. తలుపు వెనక ఏం జరుగుతోందో చూడటం ఏ అధికారికీ తేలిక కాదు.

2024లో కుటుంబ వీసాలు మళ్లీ తెరిచినప్పుడు పెట్టిన షరతు 800 దినార్ల జీతం. పరాయి పిల్లల్ని పెంచే మనిషి తన బిడ్డను అక్కడికి తెచ్చుకోవడం కల్ల.

[తెర: మనీలా విమానాశ్రయం]

మరి పనివాళ్లు రాకపోతే? 2018 ఫిబ్రవరిలో, ఒక పనిమనిషి హత్య బయటపడ్డాక, ఫిలిప్పీన్స్ కొత్తవాళ్లను పంపడం ఆపేసింది. మే నెలకల్లా రెండు దేశాలూ ఒప్పందం మీద సంతకాలు చేశాయి. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు, ఫోను లాక్కోకూడదు అని అందులో రాయించుకున్నారు.